అర్థశాస్త్రం పక్కన ఏం చదవాలి?

ఇంటర్‌లో సి.ఇ.సి. చదివి డిగ్రీలో అర్థశాస్త్రం తీసుకుందామనుకునే అనంతపురం విద్యార్థి ఇప్పుడు రెండు నిర్ణయాలు తీసుకోవాలి. మొదటిది మేజర్. అది అర్థశాస్త్రమని తేల్చుకున్నాక రెండోది మైనర్, అంటే దాని పక్కన ఏ సబ్జెక్టు పెట్టుకోవాలన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీ చదువు ఈ పద్ధతిలోకి మారింది. అంతకుముందు బి.ఏ.లో మూడు సబ్జెక్టులు సరిసమానంగా ఉండేవి. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిపిన హెచ్.ఇ.పి. గ్రూపు పేరు తెలియని ఊరు లేదు. ఇప్పుడు మూడేళ్లు చదివితే మామూలు డిగ్రీ, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. ఒక సబ్జెక్టులో లోతుకు వీలు పెరిగింది, ఇరుగుపొరుగు సబ్జెక్టులకు చోటు తగ్గింది.

ఇళ్లలో చర్చంతా మొదటి నిర్ణయం మీదే నడుస్తుంది. బి.ఏ. చదివితే ఉద్యోగం వస్తుందా, బి.కామ్. కంప్యూటర్స్ మేలు కదా అని పెద్దవాళ్లు అడుగుతారు. మైనర్ సంగతి ఆన్‌లైన్ దరఖాస్తు నింపే రోజు దాకా ఎవరికీ గుర్తురాదు. నా ఉద్దేశంలో రెండో నిర్ణయమే ఎక్కువ ఆలోచించదగ్గది. అనంతపురం పీఠభూమి మీద అర్థశాస్త్రాన్ని ఒంటరిగా చదివితే పరీక్ష పాసవ్వవచ్చు గానీ, కళ్లముందున్న చేను, బోరు, అప్పు ఎందుకలా ఉన్నాయో తెలియదు. అది ఎందుకో కొంచెం తాపీగా చూద్దాం.

ముందు లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే ఏమిటో చెప్పుకోవాలి. అమెరికాలోని ఆమ్‌హెర్స్ట్, విలియమ్స్ లాంటి చిన్న కాలేజీలు దీనికి నమూనా. అక్కడ చేరిన విద్యార్థి మొదటి రోజే ఫలానా సబ్జెక్టు అని కట్టుబడడు. ఏడాదో రెండేళ్లో సాహిత్యం, గణితం, చరిత్ర, విజ్ఞానశాస్త్రం అన్నీ కొంత కొంత చదివి, ఆ తర్వాత మేజర్ ఎంచుకుంటాడు. తరగతులు చిన్నవి. నోట్సు రాసుకోవడం కంటే వ్యాసం రాయడం, రాసినదాన్ని తరగతిలో నిలబెట్టుకోవడం ముఖ్యం. అర్థశాస్త్రం మేజర్ తీసుకుంటే ముందు ప్రాథమిక సూత్రాలు, తర్వాత సూక్ష్మ, స్థూల సిద్ధాంతాలు, వాటితోపాటు గణితం, గణాంకశాస్త్రం, ఆపైన ఎకనామెట్రిక్స్. చివరి సంవత్సరంలో సొంతంగా ఒక ప్రశ్న ఎత్తుకుని థీసిస్ రాయాలి. మన దేశంలో ఈ పద్ధతి ఈ మధ్యే వేళ్లూనుకుంటోంది. బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉంది. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం 2019లో తొలి డిగ్రీ విద్యార్థులను చేర్చుకుంది. ప్రైవేటు సంస్థల్లో ఈ చదువు ఖరీదు లక్షల్లో ఉంటుంది. ఉపకార వేతనాలు ఉన్నా, నార్పల నుంచో గుమ్మఘట్ట నుంచో వచ్చే పిల్లకు ఆ దారి ఇప్పటికీ ఇరుకే.

కానీ ఈ చదువుకు దగ్గరి చుట్టం అనంతపురంలో నూరేళ్ల కిందటే ఉంది. 1916లో దత్తమండల కళాశాలగా మొదలైనదే ఇవాళ్టి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం ఇక్కడ తత్వశాస్త్రం చెప్పారు. నీలం సంజీవరెడ్డి ఇక్కడ చదువుతూ, మధ్యలో వదిలేసి 1931లో స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్లిపోయారు. 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అనే పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు ఈ కాలేజీలో తెలుగు అధ్యాపకుడు. తత్వశాస్త్రం, తెలుగు, చరిత్ర, అర్థశాస్త్రం ఒకే ఆవరణలో నడిచిన చోటు అది. 1968లో ఇదే ఊళ్లో మొదలైన సత్యసాయి మహిళా కళాశాల అమ్మాయిలకు ఇలాంటి దారే తెరిచింది.

అంటే సబ్జెక్టుల వెడల్పు మనకు కొత్త కాదు. లోపించింది వాటి మధ్య రాకపోకలు. హెచ్.ఇ.పి. విద్యార్థి, కంపెనీ కాలంలో ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పేరు చరిత్ర గంటలో వింటాడు. భూమి శిస్తు భారం గురించి అర్థశాస్త్రం గంటలో వింటాడు. జిల్లా కలెక్టరు అధికారాల గురించి రాజనీతిశాస్త్రం గంటలో వింటాడు. మూడు జవాబులూ మూడు వేర్వేరు పేపర్లలో రాస్తాడు. ఆ మూడూ ఒకే మనిషి గురించి, ఒకే నేల గురించి అని కలిపి అడిగే ప్రశ్నపత్రం ఉండదు. లిబరల్ ఆర్ట్స్ పద్ధతిలో మెచ్చుకోవలసిందేదైనా ఉంటే, ఆ కలిపి అడగడమే. దానికి లక్షల ఫీజు అక్కర్లేదు.

వేరుశనగ ధరతో మొదలుపెడదాం. మొదటి సంవత్సరంలో గిరాకీ, సరఫరా రేఖలు గీయిస్తారు. సరఫరా తగ్గితే ధర పెరుగుతుందని నేర్పుతారు. అనంతపురం విద్యార్థికి ఇక్కడే ఒక అనుమానం రావాలి. జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనానికి తీరం దూరం. ఆ ఎర్రనేలల్లో ఒక దశలో ఏడు లక్షల హెక్టార్లకు మించి వేరుశనగ వేశారు. కొర్ర, సజ్జ, జొన్న ఉన్న చేలన్నీ దాదాపు ఒకే పంటగా మారాయి. రైతులు తెలివితక్కువతో చేసిన పని కాదది. వేరుశనగ కొన్నాళ్ల బెట్టను తట్టుకుంటుంది, అమ్మితే రొక్కం వస్తుంది, కాయ పండకపోయినా కట్టె పశువులకు మేతవుతుంది.

వాన తప్పిన ఏడాది జిల్లాలో దిగుబడి సగానికి సగం పడిపోతుంది. పుస్తకం ప్రకారం ధర పెరగాలి. చాలాసార్లు పెరగదు. ఎందుకంటే ధర నిర్ణయమయ్యే మార్కెట్ అనంతపురం కాదు. గుజరాత్‌లో సౌరాష్ట్ర పంట బాగుంటే దేశంలో కాయకు కొరత రాదు. పైగా నూనె కొనే గృహిణికి పల్లీ నూనె ఒక్కటే దిక్కు కాదు. మలేషియా, ఇండోనేషియా నుంచి వచ్చే పామాయిల్ పక్కనే ఉంటుంది. ఇక్కడ సూత్రం తప్పలేదు, మనం గీసిన మార్కెట్ హద్దు తప్పింది. ఆ హద్దు ఎక్కడుందో తెలుసుకోవడమే అర్థశాస్త్రంలో సగం పని.

దీని పర్యవసానం ఇంకా ముఖ్యం. ఒక ఊరి పంట ఆ ఊరి సంతలోనే అమ్ముడుపోయే కాలంలో దిగుబడి తగ్గితే ధర పెరిగేది, రెండూ కలిసి రైతు రాబడిని కొంత నిలబెట్టేవి. ఎకరాకు పది బస్తాలు రావలసిన చోట నాలుగే వచ్చాయనుకుందాం. ధర రెట్టింపయితే ఎనిమిది బస్తాల డబ్బు చేతికొస్తుంది. ధర కదలకపోతే వచ్చేది నాలుగు బస్తాల డబ్బే. వాన నష్టానికి ధర అడ్డుపడని చోట ఆ నష్టమంతా ఒక్క కుటుంబం మీదే పడుతుంది. పాఠ్యపుస్తకంలో ‘ధరను స్వీకరించే ఉత్పత్తిదారు’ అని ఒక్క వాక్యంలో ఉండే సంగతి ఇదే.

మరి ఆ పామాయిల్ ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది? 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. దిగుమతులను అదుపులో ఉంచి, లోపలి ధరకు అండగా నిలిచింది. అనంతపురంలో వేరుశనగ విస్తరణకు ఆ ధర కూడా ఒక ఊతం. 1994లో పామోలిన్ దిగుమతిని సుంకం కట్టి ఎవరైనా తెచ్చుకునేలా తెరిచారు. ఆ తర్వాత సుంకం ఎక్కుతూ దిగుతూ వచ్చింది. ఎందుకంటే నూనె చవగ్గా కావాలనే పట్టణ ఓటరు ఒకవైపు, గింజకు ధర కావాలనే రైతు ఒకవైపు. ఈ లాగులాటను రేఖాచిత్రం చూపించదు. ఎవరి గొంతు ఢిల్లీ దాకా వినపడుతుంది, ఎవరిది వినపడదు అన్నది రాజనీతిశాస్త్రం చెప్పవలసిన సంగతి.

బోరుబావి దగ్గరకొస్తే రాజనీతిశాస్త్రం అవసరం మరింత తేటపడుతుంది. 2004 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి కరెంటు ఉచితం. అంటే బోరు వేసిన రైతుకు ఇంకో గంట నీళ్లు తోడడానికయ్యే అదనపు ఖర్చు, అర్థశాస్త్ర పరిభాషలో ఉపాంత వ్యయం, దాదాపు సున్నా. కానీ భూమి కింద నీటికి గట్లు లేవు. నేను తోడింది పక్క చేను కింద నుంచి కూడా వస్తుంది. నేను ఆగితే పక్కవాడు తోడుకుంటాడు. అందుకే ఎవరూ ఆగరు. మొదట వంద అడుగుల్లో పడిన నీళ్లు మూడు వందలకు, ఐదు వందలకు వెళతాయి. ఒక్కో మెట్టుకు ఒక్కో అప్పు. నీళ్లు పడని బోరుకు చేసిన అప్పు కూడా తీర్చవలసిందే. ఒక్కొక్కరూ తెలివిగా నడుచుకుంటే అందరూ కలిసి నష్టపోయే పరిస్థితి ఇది.

పుస్తకాలు దీనికి మామూలుగా రెండు మందులు చెబుతాయి: నీటికి ధర పెట్టడం, లేదా ప్రభుత్వం ఆంక్ష పెట్టడం. 2002లో వచ్చిన వాల్టా చట్టం రెండో రకం. మూడో మార్గం ఉందని నిరూపించినావిడ ఎలినార్ ఆస్ట్రమ్. ఆమె పరిశోధన మొదలైందే కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ దగ్గరి భూగర్భజలాల మీద. అక్కడ నీటిని వాడుకునేవాళ్లే కూర్చుని, లెక్కలు వేసుకుని, కోర్టుల సాయంతో తమలో తాము నియమాలు పెట్టుకున్నారు. ఆస్ట్రమ్ చదివింది రాజనీతిశాస్త్రం. తగినంత గణితం లేదని అర్థశాస్త్రంలో పరిశోధనకు ఆమెను రానివ్వలేదు. 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమే. మన దగ్గర కూడా ఆ దారిలో ఒక ప్రయత్నం జరిగింది. అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల యాజమాన్యం అనే పథకం నడిచింది. రైతులే వాననూ బోర్లలో నీటిమట్టాన్నీ కొలిచి, ఊరికి ఈ రబీలో ఎన్ని నీళ్లున్నాయో బడ్జెట్ వేసి, ఏ పంట ఎంత వెయ్యాలో మాట్లాడుకునేవారు. ఎవరి మీదా బలవంతం లేదు. అంకె అందరి ముందూ ఉంటే నిర్ణయం మారుతుందా అన్నదే అక్కడి ప్రశ్న. డిగ్రీ విద్యార్థి థీసిస్‌కు ఇంతకంటే మంచి ప్రశ్న దొరకడం కష్టం.

చరిత్ర విషయానికి వస్తే, 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక 1807 దాకా మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. పొలాలు కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ గట్టిగా అమలుచేశాడు. వెళ్లే ముందు శిస్తును నాలుగో వంతు తగ్గించాలని సిఫార్సు చేశాడు. అప్పట్లో ప్రభుత్వం వినలేదు, ఊళ్లను గుత్తకిచ్చింది. ఆయన గవర్నరుగా తిరిగి వచ్చాకే ఆ తగ్గింపు అమలైంది. దీన్ని ఒక దొర మంచితనం గురించిన కథగా చదివితే అక్కడితో అయిపోతుంది. అర్థశాస్త్రం పక్కన పెట్టి చదివితే వేరే ప్రశ్న లేస్తుంది. వాన నిలకడలేని చోట శిస్తు రొక్కంలో, స్థిరంగా ఉంటే నష్టభయం ఎవరిది? మొత్తం రైతుదే. పంటలో భాగంగా ఉంటే? ఇద్దరిదీ.

ఆ ప్రశ్న ఇప్పటికీ ఊళ్లో సజీవంగా ఉంది. భూమిని గుత్తకిస్తే సేద్యం చేసేవాడు పండినా పండకపోయినా అనుకున్న మొత్తం కట్టాలి. కోరుకిస్తే పండినదాంట్లో భాగం పంచుకుంటారు. కోరులో రైతుకు నష్టభయం తగ్గుతుంది, కానీ అదనంగా కష్టపడితే వచ్చే దాంట్లో సగం పరులదని తెలుసు కాబట్టి కష్టం మీద ఆసక్తీ తగ్గవచ్చు. జోసెఫ్ స్టిగ్లిట్జ్ 1974లో ఈ రెండింటి మధ్య బేరాన్ని గణితంగా విడమరిచాడు. ఆయన డిగ్రీ చదివింది ఆమ్‌హెర్స్ట్‌లో, ఇంతకుముందు చెప్పిన లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో. కల్యాణదుర్గం వైపు ఏ రచ్చకట్ట మీద కూర్చున్నా ఆ వ్యాసంలోని తర్కం మాటల్లో వినిపిస్తుంది. గణితం నేర్చుకున్న విద్యార్థికి ఆ రెండూ ఒకటేనని పోల్చుకునే శక్తి వస్తుంది.

1876-78 నాటి కరువు పాఠం ఇంకా బరువైనది. అనంతపురం తాలూకాలు అప్పుడు బళ్లారి జిల్లాలో ఉన్నాయి. 1882లో గానీ వేరు జిల్లా కాలేదు. గుత్తి, గుంతకల్లు మీదుగా మద్రాసు రైల్వే అప్పటికే నడుస్తోంది. రైళ్లలో ధాన్యం వచ్చింది. అయినా లక్షల మంది చనిపోయారు. ధాన్యం ఉంది, కొనడానికి కూలి లేదు. అమర్త్య సేన్ 1981లో పుస్తకంగా ప్రతిపాదించిన సిద్ధాంతం ఇదే: ఆకలి చావులకు తిండి లేకపోవడమే కారణం కానక్కర్లేదు, తిండి మీద మనిషికి హక్కు కలిగించే కూలీ, పంటా, ఆస్తీ చేజారిపోవడం చాలు. ఆ కరువులో కరువు పనుల కూలిని భారత ప్రభుత్వం పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ రోజుకు ఒక పౌండు గింజలకు, అంటే సుమారు 450 గ్రాములకు, కొద్దిపాటి రొక్కానికి తగ్గించాడు. కష్టమైన పని చేసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఖజానా పొదుపు ఒకవైపు, మనిషి ఒంటికి కావలసిన బలం ఒకవైపు. పబ్లిక్ ఫైనాన్స్ పేపర్‌లో వ్యయ నియంత్రణ అనే అధ్యాయం చదివే విద్యార్థి ఈ వాదన చదవకుండా ఆ అధ్యాయం దాటకూడదని నా కోరిక.

ఆ కరువు తర్వాత కరువు కమిషన్, కరువు నియమావళి వచ్చాయి. పని కల్పించి బతికించాలన్న ఆలోచన ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది నార్పల మండలం బండ్లపల్లిలో. అర్థశాస్త్ర అధ్యాపకుడిగా జీవితం మొదలుపెట్టిన ప్రధాని, ఏడాదికి వంద రోజుల పనిని చట్టబద్ధమైన హక్కుగా మొదలుపెట్టడానికి ఈ జిల్లాకు వచ్చారు. బళ్లారి కరువు పనులకూ బండ్లపల్లికీ మధ్య 130 ఏళ్ల దూరం. పనికి వచ్చేవాడు దయ కోరుతున్నాడా, హక్కు అడుగుతున్నాడా అన్న తేడా ఆ దూరంలోనే వచ్చింది. చరిత్ర తెలియని అర్థశాస్త్ర విద్యార్థికి ఉపాధి హామీ బడ్జెట్‌లో ఒక పద్దుగా మాత్రమే కనిపిస్తుంది.

ఇప్పుడు గణాంకాలు. ఉపాధి హామీ డబ్బు కూలీ చేతికి ఆలస్యంగా, కోత పడి అందుతోందన్న ఫిర్యాదు పాతది. వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డులు ఇస్తే బాగుపడుతుందా? దీన్ని తేల్చడానికి కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో అధ్యయనం చేశారు. అందులో అనంతపురం ఒకటి. ఆ ప్రాంతాల గ్రామీణ జనాభా దాదాపు 1.9 కోట్లు. ఏ మండలానికి ముందు కార్డులు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. లాటరీ ఎందుకు? బాగా నడిచే మండలాలకే ముందు ఇస్తే, మేలు కార్డుల వల్ల జరిగిందా, ముందునుంచీ అక్కడ పాలన బాగుండడం వల్లా అన్నది తేలదు. లాటరీ వేస్తే సగటున రెండు వర్గాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి తర్వాత కనిపించే తేడాను కార్డులకే ఆపాదించవచ్చు. 2016లో వచ్చిన ఫలితం: కూలి త్వరగా అందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది. తర్వాతి వ్యాసంలో ఇంకా ఆసక్తికరమైన సంగతి తేలింది. పేద కుటుంబాల ఆదాయం పెరిగింది, కానీ ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం పథకం కూలి కాదు, బయటి పనుల్లో పెరిగిన కూలి. ప్రభుత్వ పని నమ్మకంగా దొరుకుతుందంటే రైతు ఇచ్చే కూలి కూడా పెంచక తప్పదు.

వాన బీమా కథ కూడా ఇలాంటిదే. 2000ల తొలి సంవత్సరాల్లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో వర్షపాత బీమా అమ్మాయి. పంట నష్టాన్ని కొలవడం కష్టం కాబట్టి దగ్గరి వర్షమాపకంలో వాన ఇంత కన్నా తక్కువ పడితే అందరికీ ఇంత అని ఒప్పందం. చూడడానికి కరువు సీమకు ఇంతకన్నా కావలసింది లేదనిపిస్తుంది. కొన్నవాళ్లు మాత్రం కొద్దిమందే. జేవియర్ జినే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ 2008లో ప్రచురించిన వ్యాసంలో రైతులు చెప్పిన కారణాలున్నాయి. పాలసీ అర్థం కాలేదన్నారు, విత్తనం వేళకు చేతిలో డబ్బు లేదన్నారు. నష్టానికి ఎక్కువ జంకేవాళ్లే ఎక్కువగా బీమా కొంటారని సిద్ధాంతం చెబుతుంది. ఇక్కడ అలాంటివాళ్లే తక్కువగా కొన్నారు. తెలియని కాగితం కూడా వాళ్లకు ఒక జూదంలాగే కనిపించింది. పైగా మండల కేంద్రంలో పడిన వాన పక్క ఊళ్లో పడకపోవడం ఇక్కడ మామూలు. మాపకం నిండి చేను ఎండితే పరిహారం రాదు. ఆ సంగతి రైతుకు ఎవరూ లెక్కలు వేసి చెప్పనక్కర్లేదు.

గమనించండి, ప్రపంచంలో పేరున్న అర్థశాస్త్ర పత్రికల్లో అనంతపురం మండలాలున్నాయి. ఆ వ్యాసాల్లో కనీసం రెండింటిని ఆనర్స్ తరగతిలో వాక్యం వాక్యం విడమరిచి చదివించాలి. అది జరగాలంటే విద్యార్థికి సగటు, విస్తృతి, ప్రతిచయనం, రిగ్రెషన్ అంటే ఏమిటో తెలిసుండాలి.

అందుకే మైనర్ ఏదని నన్నడిగితే గణాంకశాస్త్రం అంటాను. లేకపోతే గణితం. చరిత్ర, రాజనీతిశాస్త్రం తక్కువవని కాదు. ఇంతసేపూ వాటి అవసరమే చెప్పుకున్నాం. కానీ చరిత్రను మంచి పుస్తకం దొరికితే మనంతట మనం చదువుకోవచ్చు. గణాంకాలను బల్ల దగ్గర కూర్చోబెట్టి, లెక్క చేయించి, తప్పు దిద్దే అధ్యాపకుడు లేకుండా నేర్చుకోవడం చాలామందికి కష్టం. గురువు అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడ కాలేజీ గంటలు ఖర్చుపెట్టాలి. సి.ఇ.సి. నుంచి వచ్చినవాళ్లకు గణితం భయం ఉంటుంది, టైంటేబుల్ అడ్డొస్తుంది, కొన్ని కాలేజీల్లో ఆర్ట్స్ విద్యార్థికి ఆ మైనర్ దొరకనే దొరకదు. దొరకనప్పుడు రాజనీతిశాస్త్రమో చరిత్రో తీసుకుని, ఎకనామెట్రిక్స్ పేపర్ వచ్చేలోగా గణాంకాల పునాదిని ఎవరినైనా పట్టుకుని నేర్చుకోవాలి. ఎం.ఏ. ప్రవేశపరీక్షల్లో వడపోత అక్కడే జరుగుతుంది. గ్రూప్స్ రాసేవాళ్లకు ఆర్థిక వ్యవస్థ పేపర్‌లో, బ్యాంకు పరీక్షలకు వెళ్లేవాళ్లకు అంకెల విభాగంలో ఆ పునాది అక్కరకొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు అడిగే ఉద్యోగం ప్రశ్నకు కూడా కొంత జవాబు అందులోనే ఉంది.

గ్రంథాలయంలో చదవవలసిన వాటిలో తరిమెల పుస్తకాలు రెండు ఉండాలి. ఆ ఊరివాడైన విద్వాన్ విశ్వం రాసిన ‘పెన్నేటి పాట’ కరువు కుటుంబం లోపల ఏం జరుగుతుందో చెప్పే కావ్యం. అదే ఊరివాడైన తరిమెల నాగిరెడ్డి కోర్టు ముందు ఇచ్చిన వాంగ్మూలం ‘తాకట్టులో భారతదేశం’గా పుస్తకమైంది. విదేశీ పెట్టుబడి మీద, భూమి మీద ఆయన నిర్ధారణలతో ఏకీభవించనక్కర్లేదు. అంకెలతో వాదన ఎలా కట్టారో, ఆ అంకెలు ఎక్కడ బలంగా ఉన్నాయో, ఎక్కడ లేవో పరీక్షించడం ఆనర్స్ విద్యార్థికి తగిన పని. డిగ్రీ బోధన ఇంగ్లీషులోకి మారిన ఈ రోజుల్లో, తెలుగులో అర్థశాస్త్రం ఆలోచించగలమన్న ధైర్యం కూడా ఆ పుస్తకం ఇస్తుంది.

ఇక చేతిలో ఉన్న అవకాశం ఒకటుంది. మన డిగ్రీలో మొదటి సంవత్సరం అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని రెండు నెలలు ఊళ్లో పనిచేయాలి. అందులో సామాజిక-ఆర్థిక సర్వే ఒక భాగం. చాలామంది దీన్ని పాత రికార్డు చూసి పూర్తిచేసే పనిగా తీసుకుంటారు. నాలుగు ప్రశ్నలు జాగ్రత్తగా తయారుచేసుకుంటే లిబరల్ ఆర్ట్స్ కాలేజీ థీసిస్‌కు తీసిపోని పని అక్కడ చేయవచ్చు. ‘మీకు అప్పుందా’ అని అడిగితే ఉందనో లేదనో వస్తుంది, దానితో ఏమీ తేలదు. ఏ నెలలో తీసుకున్నారు, విత్తనానికా, బోరుకా, పెళ్లికా, ఎవరి దగ్గర అని విడివిడిగా అడగాలి. వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు పంట రుణంతో దాన్ని పోల్చి, బ్యాంకు గడప ఎందుకు ఎక్కలేదో అడగాలి. భూమి సొంతమా, గుత్తా, కోరా అన్నది రాసుకోకపోతే కౌలు రైతుకు రుణం ఎందుకు రాలేదో తెలియదు. బోర్లు ఎన్ని వేశారని కాకుండా ఏ సంవత్సరం ఎన్ని అడుగులు, నీళ్లు పడ్డాయా లేదా అని ఒక్కో బోరుకు ఒక్కో వరుస రాసుకోవాలి. ఇళ్లను ఎంచుకునేటప్పుడు తెలిసినవాళ్ల ఇళ్లకే వెళ్లకుండా, ఊరి జాబితాలో ప్రతి పదో ఇల్లు తీసుకోవాలి. ఆ ఇల్లు తాళం వేసి ఉంటే పక్కింటికి మారకూడదు. బెంగళూరుకు వలస వెళ్లారేమో కనుక్కుని అదీ రాసుకోవాలి, ఎందుకంటే తాళం వేసిన ఇళ్లను వదిలేస్తే వలస వెళ్లినవాళ్లందరూ లెక్కలోంచి తప్పిపోతారు.